జబ్బుతో పెరిగిన పిల్లల మనసుని ఎవరికి అప్పగిస్తున్నాం?

అందరికీ నమస్కారం. ఇక్కడ పిల్లల డాక్టర్లు ఉన్నారు, పెద్దల సైకియాట్రీలో పనిచేసేవాళ్లు ఉన్నారు, నర్సులు, సోషల్ వర్కర్లు, తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అందుకే స్లైడ్లు పెట్టలేదు, మామూలుగా మాట్లాడుకుందాం.

ఏ పిల్లల గురించి మాట్లాడుతున్నానో ముందు చెప్తాను. కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లు, పుట్టుకతోనే గుండె లోపం ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, జన్యు సమస్యల వల్ల మూడు నాలుగు విభాగాల చుట్టూ తిరుగుతూ పెరిగినవాళ్లు. వైద్యం బాగుపడింది కాబట్టి వీళ్లు ఇప్పుడు పెద్దవాళ్లవుతున్నారు. పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లల్లో, మంచి వైద్యం అందే చోట, 90 శాతానికి పైగా పెద్ద వయసుకి చేరుతున్నారు. అంత కష్టపడి వాళ్లని బతికించుకున్నాం. కానీ వీళ్లలో ఆందోళన, డిప్రెషన్ తోటి పిల్లల కంటే ఎక్కువ, చిన్నప్పటి చికిత్సల తాలూకు భయాలు ఏళ్ల తరబడి వెంటాడతాయి, ఆ సంగతి మాత్రం ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటున్నాం. పద్దెనిమిది రాగానే, కొన్ని చోట్ల పదహారుకే, ఇంకొన్ని చోట్ల ఇరవై ఒకటికి, వీళ్లని పెద్దల ఆసుపత్రికి పంపిస్తాం. కిడ్నీ సంగతి కిడ్నీ డాక్టరు చూసుకుంటారు, గుండె సంగతి గుండె డాక్టరు చూసుకుంటారు. మనసు సంగతి ఎవరు చూసుకుంటారు?

నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఒక్కటే. ఈ పిల్లల మానసిక వైద్యంలో చాలా భాగం సైకియాట్రిస్టు చేతుల మీదుగా జరగదు. డయాలసిస్ యూనిట్లో పక్కన కూర్చునే నర్సు, షుగర్ క్లినిక్‌లో ఇన్సులిన్ లెక్కలు నేర్పించే ఆవిడ, పిల్లల వార్డుకే ఉన్న సైకాలజిస్టు, "స్కూల్ ఎలా ఉంది, ఆ ఫ్రెండుతో గొడవ తీరిందా" అని అడిగే పీడియాట్రీషియన్, వీళ్లంతా కలిసి ఆ పిల్లని నిలబెడతారు. దీన్ని ఎవరూ చికిత్స అనరు, కేస్ షీట్లో రాయరు, రాయనిది రిఫరల్ లెటర్లోకి ఎక్కదు. దాంతో అమ్మాయి అవతలి ఆసుపత్రికి వెళ్లేసరికి పదేళ్లుగా ఆమెని నిలబెట్టిన మనుషులంతా ఒకేసారి పోతారు, ఏం పోయిందో అక్కడివాళ్లకి తెలియనే తెలియదు.

ఒక అమ్మాయి గురించి చెప్తాను. ఒక్కరి కథ కాదిది, ఇలాంటి చాలామందిని కలిపి ఒకరిగా చెప్తున్నా. తొమ్మిదేళ్లప్పుడు కిడ్నీ మార్పిడి జరిగింది. పన్నెండేళ్ల నుంచి రక్తం తీసే ముందు చెమటలు, గుండె దడ, ఊపిరి ఆడకపోవడం. పిల్లల యూనిట్లో ఒక నర్సు దానికి దారి కనిపెట్టింది. ముందు రోజు ఫోన్ చేసి చెప్పడం, క్యూలో నిలబెట్టకుండా లోపలికి తీసుకెళ్లడం, పడుకోబెట్టి తీయడం, ఏ చెయ్యి అన్నది అమ్మాయినే అడగడం. ఇంతే. ఆరేళ్లు ఒక్క పరీక్ష తప్పలేదు. పద్దెనిమిది నిండాయి, ట్రాన్స్‌ఫర్ లెటర్ వెళ్లింది. నాలుగు పేజీలు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, బయాప్సీలో ఏముంది, మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ మోతాదు ఎంత, అన్నీ ఉన్నాయి. రక్తం తీసేటప్పుడు వచ్చే పానిక్ గురించి ఒక్క వాక్యం లేదు. కొత్త క్లినిక్‌లో డాక్టరుగారు మంచివారే, అమ్మని బయట కూర్చోమని చెప్పి "ఏమైనా ఇబ్బందులు ఉన్నాయా అమ్మా" అని అడిగారు. తెలియని మనిషి ముందు పద్దెనిమిదేళ్ల పిల్ల ఏం చెప్తుంది, "ఏం లేవు సార్" అంది. ల్యాబ్ ముందు యాభై మంది క్యూ చూసి వెనక్కి వచ్చేసింది. తర్వాతి నెలా అంతే. మూడో నెల ఫైల్లో ఒక మాట పడింది: మాట వినదు, పరీక్షలకి రాదు. ఆ తర్వాత ఫైలు తెరిచిన ప్రతి డాక్టరూ ఆ మాట చదివాకే ఆమె మొహం చూశారు.

మరి సైకియాట్రీకి రిఫర్ చేయొచ్చు కదా అంటారు. చేస్తే ఏమవుతుందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. పెద్దల మానసిక వైద్యం చాలా చోట్ల స్కిజోఫ్రేనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ లాంటివాటి చుట్టూ కట్టుకున్న వ్యవస్థ. ఆ గీతకి ఈ అమ్మాయి అందదు. "ఇంత చిన్నదానికి మా దగ్గరికెందుకు" అని వెనక్కి పంపుతారు, లేదంటే "ఇది మెడికల్ కేసు, మీ యూనిట్లోనే చూసుకోండి" అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల దగ్గర ఉన్న మనుషులు అంతమందే. కానీ దీని ఖరీదు కట్టేది ఆ అమ్మాయి, ఒక్కోసారి ఆ కిడ్నీతోనే కట్టాల్సి వస్తుంది.

శరీరానికి పెద్ద జబ్బు లేని పిల్లల విషయంలోనే ఈ అప్పగింత సరిగ్గా జరగడం లేదని లెక్కలు చెప్తున్నాయి. ఇంగ్లండ్‌లో జరిగిన ట్రాక్ అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. పిల్లల మానసిక వైద్యం నుంచి పెద్దల వైపు వెళ్లినవాళ్లలో, ముందుగా ప్లానింగ్ జరిగి, సమాచారం సరిగ్గా అంది, రెండు టీములూ కొంతకాలం కలిసి పనిచేసి, ఆ తర్వాత వైద్యం తెగకుండా సాగింది 5 శాతం లోపు మందికే. మానసిక జబ్బు ఒక్కటే ఉన్నవాళ్ల సంగతే అలా ఉంటే, దాంతోపాటు మరో మూడు విభాగాలు మారాల్సినవాళ్ల సంగతి చెప్పాలా.

వయసు చూడండి. మానసిక జబ్బుల్లో దాదాపు సగం పద్దెనిమిది లోపే మొదలవుతాయి, పాతికేళ్లు వచ్చేసరికి 60 శాతం దాటుతాయి. అంటే జబ్బు బయటపడే వయసులోనే మనం ఆసుపత్రి మారుస్తున్నాం. 22క్యూ11 డిలీషన్ అనే జన్యు లోపం ఉన్న పిల్లలని తీసుకోండి. వీళ్లకి చిన్నప్పుడు గుండె ఆపరేషన్లు, అంగిలి సమస్యలు, రోగనిరోధక శక్తి తక్కువ, కాల్షియం తక్కువ. పెద్దయ్యాక వీళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి సైకోసిస్, అంటే నిజమేదో భ్రమేదో తెలియని స్థితి, వస్తుంది, అదీ ఎక్కువగా టీనేజ్ చివర్లోనో, ఇరవైల్లోనో. సరిగ్గా అప్పుడే ఆ పిల్లవాడిని పుట్టినప్పటి నుంచి చూసిన డాక్టరు సెలవు తీసుకుంటారు. వాడు ఈ మధ్య మనుషుల్లో కలవడం లేదు, మాట తగ్గింది, అనుమానాలు ఎక్కువయ్యాయి అని గమనించాలంటే అంతకుముందు ఎలా ఉండేవాడో తెలిసినవాళ్లు ఉండాలి. కొత్త డాక్టరు దృష్టిలో వాడు మొదటి నుంచీ అంతే.

ఇప్పుడు మందుల సంగతి. సైకియాట్రీ సోదరులారా, ఇది మీకోసం. మూర్ఛకి లెవెటిరాసెటమ్ మొదలుపెట్టాక పిల్లలో చిరాకు, కోపం, ఒక్కోసారి చచ్చిపోవాలన్న ఆలోచనలు రావచ్చు, అది వయసు ప్రభావమని ఇంట్లో అనుకుంటారు. స్టెరాయిడ్లు నిద్ర చెడగొడతాయి, ఉత్సాహాన్ని హద్దు దాటిస్తాయి, సైకోసిస్ కూడా తెప్పించగలవు. మూడ్ కోసం కార్బమజెపైన్ ఇస్తే రక్తంలో టాక్రోలిమస్ పడిపోతుంది, మార్పిడి చేసిన కిడ్నీకి అది ప్రమాదం. బైపోలార్‌కి ఇచ్చే లిథియం బయటికి పోయేది కిడ్నీల ద్వారానే కాబట్టి అరకొర కిడ్నీతో ఉన్నవాళ్లకి అది రాసే ముందు కిడ్నీ డాక్టరుతో మాట్లాడి తీరాలి. మూర్ఛకి వాడే వాల్ప్రోయేట్ మీద ఉన్న అమ్మాయి గర్భం దాలిస్తే పుట్టే పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు వస్తాయి. ఆ మాట ఆమెతో, అమ్మ పక్కన లేనప్పుడు, ఎవరు చెప్పాలి? పిల్లల డాక్టరు "ఇంకా చిన్నది కదా" అనుకుంటారు, పెద్దల డాక్టరు "ఈపాటికి చెప్పే ఉంటారు" అనుకుంటారు.

లక్షణాలు చూసి పొరపడటమూ ఇక్కడే ఎక్కువ. గుండె ఆపరేషన్ అయిన కుర్రాడికి దడ వస్తే అది పానిక్కో, గుండె లయ తప్పడమో ఒక్క విభాగమే తేల్చలేదు. టైప్ 1 షుగర్ ఉన్న అమ్మాయి మళ్లీ మళ్లీ, ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్‌తో అడ్మిట్ అవుతుంటే "అశ్రద్ధ" అని తిట్టి పంపిస్తాం, కానీ బరువు తగ్గాలని ఇన్సులిన్ కావాలనే మానేసే ఈటింగ్ డిజార్డర్ ఒకటుంది, అది ప్రాణం తీసే జబ్బు, తిడితే ఇంకా లోపలికి దాక్కుంటుంది.

బాగా చేసిన చోట్లు ఉన్నాయి. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక కిడ్నీ యూనిట్ వాళ్ల అనుభవం వచ్చింది. అంతకుముందు పిల్లల వైపు నుంచి నేరుగా పెద్దల వైపు పంపిన తొమ్మిది మందిలో ఆరుగురు మార్పిడి చేసిన కిడ్నీని పోగొట్టుకున్నారు. తర్వాత పద్ధతి మార్చారు. పిల్లల డాక్టరు, పెద్దల డాక్టరు కలిసి ఒకే క్లినిక్‌లో చూడటం, ఆ తర్వాత యువతకోసం విడిగా క్లినిక్, అదీ ఆసుపత్రి బయట, విద్యార్థులు తిరిగే చోట, పక్కన ఒక యూత్ వర్కర్. అలా వెళ్లిన పన్నెండు మందిలో ఒక్కరూ కిడ్నీ పోగొట్టుకోలేదు. చిన్న సంఖ్యలే, దాన్నిబట్టి పెద్ద మాటలు చెప్పను. కానీ అక్కడ కొత్త మందేమీ కనిపెట్టలేదు. తెలిసిన మనిషి ముందుండి అవతలికి తీసుకెళ్లాడు, అంతే.

మరోవైపు మైల్‌స్టోన్ అని యూరప్‌లో ఎనిమిది దేశాల్లో మానసిక వైద్యం అప్పగింత మీదే పెద్ద ప్రయోగం జరిగింది. పద్ధతి ప్రకారం అంచనా వేసి, ఆ రిపోర్టు డాక్టర్ల చేతికి ఇస్తే లాభం కనిపించింది గానీ చిన్నదే. నాకు అందులో ఆశ్చర్యం లేదు. ఫారాలు అవసరమే, కానీ ఫారం చదివి ఫోన్ ఎత్తే మనిషి లేకపోతే అది ఫైల్లోనే ఉండిపోతుంది.

కాబట్టి మొట్టమొదట ఒక మనిషి పేరు ఖాయం చేయండి. బ్రిటన్‌లోని నైస్ అనే, వైద్యం ఎలా చేయాలో సూచించే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే అడుగుతున్నాయి, ప్రతి పిల్లకీ ఒక బాధ్యుడు ఉండాలి, ట్రాన్స్‌ఫర్‌కి కనీసం ఆరు నెలల ముందు నుంచి, తర్వాత ఆరు నెలల వరకు. నర్సు కావచ్చు, సోషల్ వర్కర్ కావచ్చు, ఆ పిల్ల నమ్మే ఎవరైనా సరే. ప్లానింగ్ కూడా పదమూడు పద్నాలుగేళ్లకే మొదలవ్వాలంటుంది ఆ మార్గదర్శకం, పదిహేడున్నరకి కాదు.

రెండోది, రాయని చికిత్సని రాయండి. లెటర్లో ఒక పేరా చాలు: ఈ అమ్మాయికి దేనికి భయం, ఆ భయానికి ఇన్నాళ్లూ మనం ఏం చేశాం, దిగులు మొదలైతే ముందు ఏం మారుతుంది, నిద్రా, తిండా, మందులా, ఎవరితో మాట్లాడుతుంది. ఆ పేరా అమ్మాయితోనే రాయించండి, కనీసం ఆమెకి చదివి వినిపించి రాయండి. పన్నెండేళ్ల వయసు నుంచి ఉన్న భయాన్ని ప్రతి కొత్త డాక్టరు ముందూ మొదటి నుంచి చెప్పుకోవడం ఎంత నరకమో వాళ్లనే అడగండి.

ఇంకోటి, అన్నీ ఒకే నెలలో మార్చకండి. కిడ్నీ క్లినిక్, మూర్ఛ క్లినిక్, సైకాలజిస్టు, చదువు, హాస్టలు, అన్నీ ఒక్క పుట్టినరోజుకి ముడిపెడితే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే తట్టుకోలేరు. నన్నడిగితే మనసు చూసే మనిషి అందరికంటే చివర మారాలి. శరీరం చూసే డాక్టర్లు మారుతున్నంతకాలం ఆ ఒక్కరైనా పాతవాళ్లు ఉండాలి. దీనికి పరిశోధన చూపించలేను, ఇది నా నమ్మకం, గట్టి నమ్మకం.

అమ్మలకీ నాన్నలకీ ఒక మాట. పదేళ్లు మందుల టైము, రిపోర్టుల ఫైలు, డాక్టరుతో మాటలు, అన్నీ మీరే చూసుకున్నారు. మిమ్మల్ని ఒక్కసారిగా తలుపు బయట కూర్చోబెట్టడం అన్యాయమే. అందుకే పద్నాలుగేళ్ల నుంచే ప్రతి విజిట్‌లో పది నిమిషాలు పిల్లని డాక్టరుతో ఒంటరిగా వదలండి. మందుల పేర్లు వాళ్ల నోటితో చెప్పించండి. ఒకటి రెండు తప్పు చెప్పినా పక్కనుంచి అందించకండి. బుద్ధి ఎదుగుదలలో వెనకబడిన పిల్లలైతే దారి వేరు, పద్దెనిమిది తర్వాత వాళ్ల తరఫున సంతకం ఎవరు పెట్టాలి, వాళ్ల ఇష్టం ఎలా తెలుసుకోవాలి అన్నది చట్టం ఒక్కో చోట ఒక్కోలా చెప్తుంది. పుట్టినరోజుకి ఏడాది ముందే కనుక్కోండి, ఎమర్జెన్సీ గదిలో కనుక్కునే విషయం కాదది.

చివరగా, మొదటి అపాయింట్‌మెంట్‌కి రాకపోతే ఏం చేస్తాం అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. చాలా పెద్దల క్లినిక్‌లలో రెండుసార్లు రాకపోతే పేరు కొట్టేస్తారు. ఈ పిల్లల విషయంలో రాకపోవడమే లక్షణం. డిప్రెషన్‌తో లేవలేక రాలేదేమో, భయపడి గేటు దాకా వచ్చి వెళ్లిపోయిందేమో, మందులు అయిపోయాయేమో. కాబట్టి పేరు కొట్టేసే ముందు పాత టీముకి ఫోన్ వెళ్లాలి, పాత టీము అమ్మాయికి ఫోన్ చేయాలి, కొత్త చోట ఆమె రెండోసారి కనిపించే దాకా పాత ఫైలు మూయకూడదు. ఆ ఫోన్ చేసేది ఎవరో, ఏ నంబరు నుంచో, ఇవాళ లంచ్‌లో రెండు వైపులవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని రాసుకోండి. నేనూ అక్కడే ఉంటాను.