గాలి బిగబట్టకండి

శ్రోతలకు నమస్కారం.

కోనసీమలో కాలవగట్టున పెరిగినవాళ్లకి ఈత కొత్తేమీ కాదు. లాకుల దగ్గర దూకి, ఊపిరి బిగబట్టి ఎక్కడో దూరాన తేలే కుర్రాళ్లు ఏ ఊళ్లో చూసినా ఉంటారు. వాళ్లకి స్కూబా డైవింగ్, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలో మునగడం, అంటే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. తీరా చూస్తే, ఆ బిగబట్టే అలవాటే అక్కడ పనికిరాదు.

పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్‌లోంచి నిండుగా పీల్చిన గాలిని వదలకుండా పైకొచ్చేస్తే, ఆ గాలికి రెట్టింపు చోటు కావాలి. ఊపిరితిత్తులు అంత సాగవు, చిరుగుతాయి. నిలువెత్తు నీళ్లలో కూడా ఈ ప్రమాదం లేకపోలేదు. కాలవలో మునిగేవాడికి ఈ బెడద లేదు. పైనుంచి పట్టుకెళ్లిన గాలినే కదా వాడు మళ్లీ పైకి తెచ్చేది!

మరి అంతర్వేదిలోనో ఓడలరేవులోనో దిగొచ్చా అంటే, వద్దంటాను. వరదల రోజుల్లో గోదారి తెచ్చే మట్టితో సముద్రం మైళ్లకొద్దీ ఎర్రబడుతుంది. అడుగునంతా ఇసుక, బురద. పైగా అలల లాగుడు. మనకి దగ్గర్లో విశాఖ రుషికొండలో స్కూబా నేర్పేవాళ్లున్నారు. ఒడ్డునుంచే నడుచుకుంటూ దిగాలంటే అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్, బాగుంటుంది. అక్కడి నీమో రీఫ్‌లో కొత్తవాళ్లని దించుతారు.

ముందు నడుములోతు నీళ్లలో నిలబెడతారు. మాస్కు ముక్కుని కూడా మూసేస్తుంది, ఇక పీల్చడమూ వదలడమూ నోటితోనే. ముఖం నీళ్లలో పెట్టిన మొదటి నిమిషం ఈత వచ్చినవాళ్లకే ఎక్కువ టెన్షన్, ఛాతీ దానంతటదే బిగుసుకుంటుంది. తొందరేం లేదు, బుడగల చప్పుడు వింటూ నిదానంగా వదలండి. మాస్కులోకి నీళ్లొస్తే పైఅంచు నొక్కిపట్టి, తల కాస్త పైకెత్తి ముక్కుతో ఊదండి, కిందనుంచి పోతాయి. లోతుకి వెళ్లేకొద్దీ చెవులు దిబ్బడేస్తాయి. ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి, నొప్పి పుట్టేదాకా ఆగకూడదు. తెరుచుకోకపోతే కాస్త పైకి రండి. గట్టిగా ఊదితే కర్ణభేరికే చేటు.

జలుబు చేస్తే ఆ రోజు మానుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్ని అడగందే దిగొద్దు. తిరుగు విమానం టికెట్టు మాత్రం చూసి కొనండి, ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి.