నొప్పి ఎప్పుడు మొదలైంది?

శ్రోతలకు నమస్కారం. ఛాతీ నొప్పితో అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిలో మేము మొదట గమనించేది చేతిని. పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో ఆనించి "ఇక్కడంతా బరువుగా ఉంది" అంటే మా అనుమానం గుండె మీదికి పోతుంది. ఒక్క వేలితో "సరిగ్గా ఇక్కడే" అని చూపిస్తే కొంత తగ్గుతుంది. కొంతే. చేతిని నమ్మి ఎవరినీ ఇంటికి పంపలేం.

రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. గుండెకు రక్తం అందించే నాళం పూర్తిగా మూసుకుపోయిన ఆనవాలు అందులో కనిపిస్తే ఇక లెక్కలు వేస్తూ కూర్చోం, నాళాన్ని తెరిచే చికిత్సకు పరుగే. చిక్కంతా ఈసీజీ మామూలుగా వచ్చినవారితోనే. "బాగానే ఉందన్నారుగా, ఇంకా ఎందుకు ఉంచారు?" అని వెంట వచ్చినవారు విసుక్కుంటారు. విసుగు సహజమే. కానీ ఆ కాగితం మీద ఉన్నది 10 సెకన్ల గుండె మాత్రమే. నొప్పి తెరలు తెరలుగా వచ్చేవారికి, తెర తగ్గినప్పుడు తీస్తే అందులో ఏమీ దొరకకపోవచ్చు.

అందుకే రక్తంలో ట్రోపోనిన్ చూస్తాం. గుండె కండరం దెబ్బతింటే బయటికి వచ్చే ప్రోటీన్ అది. దెబ్బ తగిలిన మరుక్షణమే పెరగదు, దానికి గంటలు పడుతుంది. నొప్పి మొదలైన అరగంటకే పరిగెత్తుకొచ్చిన వారిలో మొదటి పరీక్ష మామూలుగా ఉన్నా అది సగం జవాబే. రెండోసారి రక్తం తీయక తప్పదు. "ఎప్పుడు మొదలైంది?" అని నర్సు అడిగాక డాక్టరు మళ్లీ అడగడం మతిమరుపు వల్ల కాదు.

వీటన్నిటినీ కలిపి తూచడానికి నెదర్లాండ్స్ వైద్యులు 2008లో 'హార్ట్ స్కోరు' ప్రకటించారు. ఇందులో చూసేవి ఐదు: రోగి చెప్పిన కథ, ఈసీజీ, వయసు, ముప్పు కారణాలు (బీపీ, పొగతాగడం వంటివి), ట్రోపోనిన్. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. మొత్తం 3 లేదా అంతకంటే తక్కువ ఉంటే ముప్పు తక్కువ, 4 నుంచి 6 మధ్యస్థం, 7 లేదా అంతకు మించితే ఎక్కువ.

52 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. వయసుకు 1, బీపీకి 1, ఈసీజీకీ ట్రోపోనిన్‌కూ సున్నా. "ఏదో గ్యాస్ అనుకుంటా" అని తేల్చేస్తే కథకు 1 పడుతుంది, మొత్తం 3. ఇంటికి పంపవచ్చు. అదే మనిషి "మెట్లెక్కితే పట్టేస్తోంది, ఎడమ చేతికి పాకుతోంది, చెమటలు పోశాయి" అని ఉన్నదున్నట్టు చెబితే కథకు 2, మొత్తం 4. ఆ రాత్రి ఆస్పత్రిలోనే. యంత్రాలు ఏమీ మారలేదు, మాట మారింది.

ఈ స్కోరుకూ హద్దులున్నాయి. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, చీలినా, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడినా ఇది పట్టుకోదు, వాటిని విడిగా వెతకాలి. వృద్ధుల్లో, మధుమేహం ఉన్నవారిలో, కొందరు స్త్రీలలో గుండెపోటు అసలు నొప్పే లేకుండా, ఉత్త ఆయాసంగానో వాంతిగానో రావచ్చు. అలాంటివారు "కాస్త నీరసంగా ఉందంతే" అంటూ ఉండగానే మా నర్సు ఈసీజీ తీగలు తగిలిస్తూ ఉంటుంది.