పిల్లి మూత్రపు వాసన పోవాలంటే ముందు ఫినాయిల్ పక్కన పెట్టండి

నమస్కారం. పిల్లి ఉన్న ఇంట్లో ఏదో ఒకనాడు పరుపు మీదనో, సోఫా మూలనో, తలుపు వెనకనో మూత్రపు వాసన గుప్పుమంటుంది. వెంటనే మన చేయి వెళ్లేది ఫినాయిల్ సీసా మీదికే. శుభ్రం చేసే పద్ధతి చూపించే ముందు ఆ సీసాను మీ చేత పక్కన పెట్టించడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి, ఆ తరువాత పాదాలను నాకి శుభ్రం చేసుకోవడం పిల్లి స్వభావం కనుక, మనకు హాని చేయని మోతాదు కూడా దానికి విషం కాగలదు. పైన్ నూనెతో తయారయ్యే తెల్ల ఫినాయిల్, క్లోరోక్సిలినాల్ ఉన్న యాంటీసెప్టిక్ ద్రవాలు, బీరువాలో వేసే కలరా ఉండలు కూడా పిల్లి తిరిగే చోట వాడదగినవి కావు. బ్లీచింగ్ పౌడర్ సంగతి వేరు: అది మూత్రంలోని అమ్మోనియాతో కలిసినప్పుడు పుట్టే క్లోరమిన్ వాయువు పిల్లికే కాదు, మన ఊపిరితిత్తులకు కూడా ప్రమాదకరం.

ఇంతకీ ఈ వాసన ఎందుకంత మొండిది? పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాలవి కావడం వల్ల వాటి మూత్రం చాలా చిక్కగా ఉంటుంది. అందులోని యూరియాను బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడు అమ్మోనియా ఘాటు వస్తుంది. ఫెలినిన్ అనే పదార్థం విడిపోయి గంధకంతో కూడిన మరో దుర్గంధాన్ని ఇస్తుంది, ఇది సంతాన నిరోధక ఆపరేషన్ కాని గండుపిల్లిలో ఎక్కువ. వీటన్నిటికన్నా చిక్కు పెట్టేది యూరిక్ ఆమ్లం. అది నీటిలో దాదాపుగా కరగదు కాబట్టి మామూలు సబ్బునీటితో ఎంత కడిగినా దాని స్ఫటికాలు గుడ్డలో, దూదిలో మిగిలిపోతాయి. ఎండాకాలమంతా జాడ లేని వాసన ముసురు పట్టగానే మళ్లీ లేవడానికి కారణం గాలిలోని తేమ తగలడమే.

ఇప్పుడు పని మొదలుపెడదాం. మూత్రం ఇంకా తడిగా ఉంటే పాత నూలు గుడ్డను మడతలు పెట్టి దాని మీద గట్టిగా అదమండి. రుద్దితే మరక లోపలికి, పక్కలకి పాకుతుంది. గుడ్డలు మార్చుతూ తడి రావడం ఆగేవరకు అద్దిన తరువాత చల్లని నీళ్లు కొద్దిగా పోసి మళ్లీ అద్దాలి, వేడినీళ్లు మాత్రం వాడకండి. ఆ మీదట వేయవలసింది పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్. యూరిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే పని దీనిదే. పైపైన చల్లితే ప్రయోజనం లేదు, మూత్రం ఎంత లోతుకు దిగిందో ఈ ద్రవం కూడా అంత లోతుకు దిగాలి. సీసా మీద రాసిన సమయమంతా అక్కడ తడి ఆరకూడదు కనుక, పైన పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పండి. ఆ తరువాతే ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. పాత మరకకు రెండోసారి, ఒక్కోసారి మూడోసారి కూడా వేయవలసి వస్తుంది.

ఎంజైమ్ క్లీనర్ దొరకని ఊళ్లో తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్లు కలిపి వాడవచ్చు, ఆరిన తరువాత వంటసోడా చల్లి మరునాడు ఊడ్చేయవచ్చు. అవి వాసనను తగ్గిస్తాయి గాని యూరిక్ ఆమ్లాన్ని పూర్తిగా తీయలేవు. రెండింటినీ ఒకేసారి కలపడం వల్ల నురగ తప్ప ఫలితం ఉండదు, ఒకదాని గుణాన్ని మరొకటి చెరిపేస్తుంది. మరొక జాగ్రత్త మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. తాండూరు, కడప, బేతంచర్ల బండలన్నీ సున్నపురాయి జాతివి, పాలరాయి కూడా ఆమ్లానికి తట్టుకోదు. వాటి మీద వెనిగర్ పోస్తే మెరుపు పోయి, రాయి గరుకెక్కి, తరువాతి మూత్రాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. అలాంటి నేలకు ఎంజైమ్ ద్రవమే మేలు. టైల్స్ వేసిన నేలలో వాసన దాగేది పలక మీద కాదు, పలకల మధ్య సందుల్లో, కనుక మెత్తని బ్రష్‌తో ద్రవాన్ని ఆ సందుల్లోకి ఎక్కించండి.

బూరుగుదూది పరుపు పాడైతే మొహమాటం లేకుండా కుట్టు విప్పి, తడిసిన దూదిని తీసి పారేసి, గలీబును ఉతికి, మిగిలిన దూదిని బాగా ఎండబెట్టి ఏకించి మళ్లీ నింపించుకోవడమే సరైన దారి. వాసన వస్తున్నా చోటు తెలియకపోతే రాత్రి దీపాలన్నీ ఆర్పి అతినీలలోహిత టార్చి వేసి చూడండి, ఎండిన మరకలు పసుపుపచ్చగా వెలుగుతాయి.

ఇక అసలు కారణానికి వద్దాం. పిల్లి కక్షతో ఇలా చేయదు, దాన్ని కొట్టినా, దాని ముక్కును మరకకు రుద్దినా భయం పెరిగి మరో చాటైన మూల వెతుక్కుంటుంది. పిల్లి మలమూత్రాలకు పెట్టిన ట్రేలో ఇసుక మురికిగా ఉందా, ట్రే చిన్నదైందా, వాషింగ్ మెషీన్ పక్కన ఉందా, తిండి గిన్నెకు దగ్గరగా ఉందా అని చూడండి. పిల్లులు ఎన్నో అంతకు ఒకటి ఎక్కువగా ట్రేలు ఉంచాలి, రోజూ శుభ్రం చేయాలి, పరిమళం కలిపిన ఇసుక వద్దు. తోక నిలబెట్టి వణికిస్తూ గోడ మీదికి చిమ్ముతుంటే అది తన హద్దుకు గుర్తు వేయడం. గండుపిల్లికి పశువైద్యునిచేత సంతాన నిరోధక ఆపరేషన్ చేయిస్తే చాలావరకు ఈ అలవాటు ఆగుతుంది.

ఇన్నాళ్లూ ట్రే వాడిన పిల్లి హఠాత్తుగా ట్రే బయట మూత్రం పోయడం మొదలుపెడితే మూత్రనాళపు వాపు, కిడ్నీ జబ్బు, మధుమేహం వంటివి ఉన్నాయేమో పరీక్ష చేయించండి. మగపిల్లి పదేపదే కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రానప్పుడు మూత్రమార్గం మూసుకుపోయి ఉండవచ్చు. అది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగల స్థితి కనుక, తెల్లవారే దాకా ఆగకుండా దగ్గరలో తెరిచి ఉన్న పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి.