మొదటి ముక్క ఎవరింటికి?

పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, పొరుగూళ్ల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు అందరికీ వందనాలు.

పండగకి ముందే చేసుకునే ఈ సెమీ క్రిస్మస్‌లో స్త్రీల సమాజం తరఫున నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. ప్రేమ గురించి చెప్పమన్నారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం మనలో చాలామందికి నోటికి వచ్చు, అది మళ్లీ నేను అప్పజెప్పక్కర్లేదు. నేను ఫ్రూట్ కేక్ గురించి మాట్లాడతాను. క్రీస్తు ప్రేమ అంటే ఏమిటో నాకు ముందు అర్థమైంది మా అమ్మ చేసిన కేక్ దగ్గరే.

అప్పట్లో మా ఇంట్లో ఓవెన్ లేదు, గ్యాస్ కూడా లేదు. పెద్ద అల్యూమినియం డేగిసా అడుగున, కడిగి ఎండబెట్టిన గోదారి ఇసుక వేలెడు మందాన పరిచేది అమ్మ. ఇసుక మీద ముక్కాలి స్టాండు, దాని మీద నెయ్యి రాసిన కేక్ గిన్నె. డేగిసాకి మూత పెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పోసేది. కింద మంట సన్నగా ఉండాలి, పైన నిప్పు ఆరకూడదు. గంటన్నర సేపు అక్కడి నుంచి లేచేది కాదు. ఎవరైనా పిలిస్తే, "ఇప్పుడు కాదు, కేక్ ఉంది" అనేది, చంటిబిడ్డ ఉన్నట్టు. చివర్లో కొత్త చీపురుపుల్ల ఒకటి గుచ్చి చూసేది. పుల్లకి పిండి అంటకపోతే అప్పుడు ఊపిరి పీల్చుకునేది.

పని అంతకు చాలా ముందే మొదలయ్యేది. గుడ్లు మా కోళ్లవే. నవంబరు ఆఖరు నుంచి ఇంట్లో గుడ్డు కూర ఉండేది కాదు, అన్నీ బియ్యం డబ్బాలో దాచేది. మైదాకీ టూటీ ఫ్రూటీకీ నాన్న సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లేవారు. టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కలు ఉడకబెట్టి, పంచదార పాకంలో ఊరబెట్టి, రంగు వేసినవేనని తెలిశాక అమ్మ అవి ఇంట్లోనే చేయడం మొదలుపెట్టింది. జీడిపప్పుకి పేరున్న మోరి ఊరు ఎంత దగ్గరైనా విరగని పప్పు కొనే స్తోమత లేదు, ముక్కలు కొనేవాళ్లం. కొలత ఒకటే: వెన్న 250 గ్రాములు, పంచదార 250, మైదా 250, గుడ్లు 5. నానిన పండ్లూ పప్పులూ 350 దాకా. వెన్నా పంచదారా కలిపి తెల్లగా నురగలా అయ్యేదాకా చేత్తో గిలకొట్టేది. ఆ గాలే కేక్‌ని పొంగిస్తుంది, అక్కడ తొందరపడితే బేకింగ్ పౌడర్ ఎంత వేసినా లాభం లేదు. నలుపు రంగు కోసం ఇంకొంచెం పంచదారని ముదురు రంగు వచ్చేదాకా మాడ్చి, సరిగ్గా పొగ లేస్తుండగా దించి, దూరంగా నిలబడి వేడి నీళ్లు పోసేది. చిమ్ముతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అమ్మ మణికట్టు మీద ఆ మచ్చ చివరిదాకా ఉంది.

వెన్న మాత్రం మాకు లేదు. అమ్మ కోతలకీ ఊడ్పులకీ వెళ్లే ఒక రైతు ఇంట్లో డబ్బులిచ్చి కొనేది. ఆ ఇంటికే ప్రతి క్రిస్మస్‌కీ స్టీలు పళ్లెంలో కేక్ పంపేది, నన్నే పంపేది. వాళ్లు నవ్వుతూ తీసుకునేవారు, "మీ అమ్మకి చెప్పు, బాగుంది అని" అనేవారు. ఒక సంవత్సరం పళ్లెం మర్చిపోయి వెనక్కి వెళ్లాను. పెరట్లో ఆ ముక్కలు కుడితి తొట్టిలో తేలుతున్నాయి. వెన్న వాళ్లింటిదే. మా పేటలో కాలి కేక్ అయ్యేసరికి వాళ్లు తినలేనిది అయిపోయింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మ ఏమీ అనలేదు. మరుసటి ఏడు మళ్లీ పళ్లెం సర్దింది. నేను వెళ్లనన్నాను, తనే వెళ్లింది. ఇక్కడ నేను ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అవమానాన్ని మింగడమే క్రైస్తవ ప్రేమ అని నేను పిల్లలకి నేర్పను. మా అమ్మది గొప్ప మనసు, కానీ ఆ పళ్లెం మోసిన పిల్లకి కూడా ఒక మనసుంది. అమ్మ పోయాక నేను ఆ ఇంటికి పంపడం మానేశాను. అలా మానేశాకే నాకు అసలు ప్రశ్న ఎదురైంది: మరి మొదటి ముక్క ఎవరింటికి వెళ్లాలి?

లూకా 14లో ప్రభువు ఆ సంగతి చెప్పాడు. విందు చేస్తే తిరిగి పిలవగలిగిన స్నేహితుల్నీ ధనవంతులైన పొరుగువాళ్లనీ పిలవొద్దు, తిరిగి ఇవ్వలేని వాళ్లని పిలవమన్నాడు. మన పళ్లేలు ఎలా తిరుగుతాయో చూడండి. కేక్ ఇచ్చిన ఇంటి నుంచి సంక్రాంతికి అరిసెలు వస్తాయి. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదంటాం. అది మంచి అలవాటే, మన ఊళ్లలో మతాల మధ్య సఖ్యత చాలావరకు ఆ పళ్లేల మీదే నిలబడింది. కానీ ప్రభువు చెప్పింది దానికి అవతల ఉన్న ఇంటి గురించి.

బైబిల్లో పండ్ల కేక్ లాంటిది ఒకటి ఉంది, తెలుసా? మన తెలుగు బైబిల్లో దాన్ని అడ అంటారు. అంజూరపు పండ్లు ఎండబెట్టి, దంచి, ముద్ద చేసినది. మొదటి సమూయేలు 30వ అధ్యాయం తీసి చూడండి. దావీదు ఉంటున్న సిక్లగు ఊరు తగలబడిపోయింది, అతని మనుషుల భార్యాబిడ్డల్ని శత్రువులైన అమాలేకీయులు పట్టుకుపోయారు. ఆరువందల మంది బయల్దేరారు, రెండువందల మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గరే ఆగిపోయారు. అంత తొందరలో, అంత దుఃఖంలో, పొలంలో పడి ఉన్న ఒక ఐగుప్తీయుడు కనిపించాడు. అమాలేకీయుడి దాసుడు. రోగం వచ్చిందని యజమాని వదిలేసి పోయాడు. మూడు రాత్రులూ మూడు పగళ్లూ తిండీ లేదు, నీళ్లూ లేవు. వాళ్లు అతనికి రొట్టె పెట్టారు, నీళ్లిచ్చారు, అంజూరపు అడలో ఒక ముక్క, రెండు ద్రాక్షగెలలు ఇచ్చారు. తిన్నాక అతని ప్రాణం తెప్పరిల్లింది. నువ్వెవరి వాడివని దావీదు అడిగింది ఆ తర్వాతే. ముందు పెట్టారు, తర్వాత అడిగారు.

ఈ వాక్యం చదివినప్పుడల్లా మా వీధిలో ఒక అక్క గుర్తొస్తుంది. నేను ఇంటర్ చదివే రోజులు. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి గల్ఫ్ వెళ్లింది, ఇంటి పనికి. మన కోనసీమలో ఎన్ని ఇళ్లు ఆ డబ్బు మీద లేచాయో, ఎంతమంది పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగారో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆమెకి జబ్బు చేస్తే, జీతం బాకీ ఉండగానే విమానం ఎక్కించి పంపేశారు. డిసెంబరులో వచ్చింది. జబ్బేమిటో తెలియక ఎవరూ గడప తొక్కలేదు. మా సంఘం వాళ్లు కూడా. ఆ మాట ఈ మందిరంలో నిలబడి చెబుతుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అమ్మ ఆ ఏడు కేక్ కోసి, చుట్టూ ఉన్న గట్టి అంచు మాకు పెట్టి, మధ్య మెత్తటి ముక్క గిన్నెలో పెట్టుకుని వెళ్లింది. నేను వెంట వెళ్లాను. అమ్మ మంచం మీదే కూర్చుంది. ముక్కని వేడి టీలో ముంచి, "తినవే తల్లీ, గట్టిగా లేదులే" అని నోట్లో పెట్టింది. ఆ అక్క నెమ్మదిగా నమిలి, "పిన్నీ, అక్కడ మూడేళ్లూ వాళ్లకి కేకులు చేసిపెట్టాను. నాకంటూ ఎవరూ ఒక ముక్క పెట్టలేదు" అంది. అమ్మ మాట్లాడలేదు, ఇంకో ముక్క ముంచింది. గల్ఫ్‌లో ఏం జరిగిందో, జబ్బేమిటో, డబ్బులేమయ్యాయో ఏమీ అడగలేదు. ఆ గిన్నె అక్కడే వదిలేసి వచ్చాం.

ఇప్పుడు అందరం బేకరీ కేక్ కొంటున్నాం. తప్పులేదు, ఉద్యోగాలు చేసేవాళ్లకి టైమ్ ఎక్కడిది? కానీ ఈ ఏడు ఒక్కసారి చేతులతో చేద్దామని అడుగుతున్నాను. చేత్తో చేసేటప్పుడు గంటన్నర పొయ్యి దగ్గర కూర్చోవాలి. ఆ గంటన్నరలో ఈ కేక్ ఎవరి కోసం అని ఆలోచించడానికి వీలుంటుంది, ప్రార్థన చేయడానికీ వీలుంటుంది. నాకు మర్చిపోయిన ఇళ్లన్నీ అప్పుడే గుర్తొస్తాయి. ఈ ఏడు మనిషి పోయి, స్టార్ కట్టని ఇల్లు ఒకటి గుర్తొస్తుంది. వాళ్లు కేక్ చేసుకోరు, మనం వెళ్లకపోతే వాళ్లకి క్రిస్మస్ లేనట్టే.

కొందరు ఫోన్ చేసి రమ్ వేయాలా అని అడిగారు. అక్కర్లేదు. కమలాపండు రసంలో నానబెట్టండి. ఎండుద్రాక్ష, ఖర్జూరం ఆ రసం పీల్చుకుని మెత్తబడతాయి. బయట ఉంచితే పులుస్తుంది, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు చాలు. పిండిలో కలిపే ముందు తడి లేకుండా వడకట్టి చెంచాడు మైదా పట్టించండి. పిండి జారుగా లేకుండా చూసుకుంటే పండ్లు అడుక్కి దిగవు. కాల్చాక ఆ రోజే కోయకండి. నాలుగు రోజులు చుట్టి ఉంచితే పండ్లలో తడి, మసాలా వాసన కేక్ అంతా పాకుతాయి.

అందుకే 20వ తారీఖు అనుకున్నాం. మన మందిరం వెనక వంటశాలలో పొద్దున్నే మొదలుపెడదాం. ఇసుక నేను తెస్తాను, కొబ్బరి చిప్పలు ఎవరింట్లో ఉంటే వాళ్లు ఒక గోనె తెండి. గుడ్లు తినని ఇళ్లకి పెరుగుతో రెండు వేరేగా చేద్దాం, అడిగి తెలుసుకోండి. అమ్మగారి దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టాం. అందులో మీ వీధిలో ముక్క చేరాల్సిన ఇల్లు ఏదో రాయండి. సంఘం ఇళ్లే కానక్కర్లేదు. ఇప్పటికి పదకొండు ఇళ్లు రాసి ఉన్నాయి. మందిరంలోంచి బయటికి వెళ్లేటప్పుడు చూడండి, పెన్ను కూడా అక్కడే ఉంది.