గుడారాల్లో అడిగిన ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

కాబూల్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించిన ఒక ఆచార్యుడి కథ ఈ రోజు చెప్పబోతున్నాను. పేరు సయ్యద్ బహావుద్దీన్ మజ్రూహ్. మజ్రూహ్ అంటే గాయపడినవాడు. ఉర్దూ తెలిసిన శ్రోతలకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తండ్రి షంసుద్దీన్ మజ్రూహ్ 1964 నాటి అఫ్ఘాన్ రాజ్యాంగ రచనలో ప్రముఖుడు. కొడుకు ఫ్రాన్సులో చదివి వచ్చి కాబూల్‌లో సాహిత్య విభాగానికి డీన్ అయ్యారు.

1979 డిసెంబరులో సోవియట్ సైన్యం దిగింది. కొంతకాలానికే ఆయన కొండలు దాటి పాకిస్తాన్‌లోని పెషావర్ చేరుకున్నారు. గ్రంథాలయం లేదు, విద్యార్థులు లేరు, జీతం లేదు. ఉన్నదల్లా సరిహద్దు అవతలి నుంచి రోజూ నడిచి వచ్చే జనం. వాళ్లనే ఆయన ఆధారాలుగా చేసుకున్నారు. అఫ్ఘాన్ సమాచార కేంద్రం పేరుతో ఒక కార్యాలయం తెరిచి, ఏ లోయలో ఏ ఊరి మీద బాంబులు పడ్డాయో వచ్చినవాళ్లను అడిగి రాసుకుని, నెలనెలా ఇంగ్లీషులో బులెటిన్ అచ్చు వేసేవారు. దేశం లోపలికి వెళ్లలేని విదేశీ విలేకరులకు అదే కిటికీ.

1987లో ఆయన మరో పని తలపెట్టారు. శరణార్థి శిబిరాలకు మనుషులను పంపి ఒక సర్వే చేయించారు. సోవియట్ సైన్యం వెళ్లిపోయాక మీకు నాయకుడిగా ఎవరు కావాలి అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. వినడానికి ఎంత మామూలుగా ఉంది! కానీ అప్పటి పెషావర్‌లో పాకిస్తాన్ గుర్తించిన ముజాహిదీన్ పార్టీలు, అంటే సోవియట్ సైన్యంతో పోరాడుతున్న పార్టీలు, ఏడు. శిబిరంలో గోధుమపిండి, గుడారం దక్కాలంటే ఆ ఏడింటిలో ఏదో ఒకదాని కాగితం చేతిలో ఉండాలి. కాబట్టి జనమంతా మా వెంటే ఉన్నారని ప్రతి నాయకుడూ చెప్పుకునేవాడు. రేషన్ కోసం ఇచ్చిన పేరు మద్దతు కిందికి వస్తుందా? ఆ తేడాను మజ్రూహ్ లెక్కలతో బయటపెట్టారు. రెండు వేల మందికి పైగా అడిగితే 72 శాతం మంది రోమ్‌లో ప్రవాసంలో ఉన్న మాజీ రాజు జహీర్ షా కావాలన్నారు. పార్టీల నాయకులను కోరుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

ఈ లెక్కలు బులెటిన్‌లో వెలువడ్డాయి. 1988 ఫిబ్రవరి 11న పెషావర్‌లో ఆయన ఇంటి గుమ్మంలోనే ఆయనను కాల్చి చంపారు. వయసు అరవైకి చేరువ.

శిబిరాల్లో ఆయన పోగు చేసినవి లెక్కలు మాత్రమే కావు. పష్తూన్ స్త్రీలు పాడుకునే లండై పాటలు కూడా. మన ద్విపదలా రెండే పాదాలు, మొదటి పాదానికి తొమ్మిది అక్షరాలు, రెండో దానికి పదమూడు. రాసినవారి పేరు ఉండదు. లండై అంటే విషమున్న పొట్టి పాము అని కూడా అంటారు, కాటు అలా ఉంటుంది మరి. విరహం, పరువు, యుద్ధానికి వెళ్లి వెన్ను చూపిన మగవాడి మీద ఎత్తిపొడుపు, అన్నీ వాటిలో ఉన్నాయి. ఆయన వాటిని ఫ్రెంచిలోకి తెచ్చారు. సర్వే కన్నా ఈ పాటల పనే ఎక్కువ కాలం నిలుస్తుందని నాకనిపిస్తుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. బులెటిన్ ఇంగ్లీషులో, పాటలు ఫ్రెంచిలో. పాడిన స్త్రీలకు అవి చేరేదెలా? ప్రవాసంలో పుట్టిన విద్య సొంత ఊరికి తిరిగి రావడం అన్నిటికన్నా కష్టం. ఒకసారి మాత్రం అలా జరిగింది. కరపత్రాలు, పార్టీల పత్రికలు, సహాయ సంస్థల నివేదికలు పెషావర్‌లో 1989 నుంచి ఒక చోట చేరాయి. ఆ పనికి పూనుకున్నది అఫ్ఘాన్ చరిత్రకే జీవితం అంకితం చేసిన అమెరికన్ మహిళ నాన్సీ డుప్రీ. ఆ కాగితాలన్నీ సంచుల్లో కుక్కుకుని ఖైబర్ కనుమ దాటి కాబూల్ చేరాయి. 2013లో విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే వాటికి సొంత భవనం వచ్చింది.

2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబన్ల చేతికి చిక్కింది. ఆచార్యులు మళ్లీ దారి పట్టారు, ఈసారి జర్మనీ, కెనడా, బ్రిటన్, అమెరికా దిశగా. ఏడాదికో రెండేళ్లకో ఇచ్చే ఫెలోషిప్ మీద బతుకు. అది ముగిసేలోపు వ్యాసం రాయాలి, వీసా చూసుకోవాలి, ఇంటికి డబ్బు పంపాలి. పరిశోధనకు దేశం లోపలి మనుషులు కావాలి, వాళ్లతో ఫోనులోనే మాట్లాడాలి. మామూలుగా అయితే, ఇంటర్వ్యూకు ముందు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. ఇక్కడ ఆ సంతకమే ఇచ్చినవారిని పట్టించే సాక్ష్యం అవుతుంది. అందుకే నోటిమాటతోనే సమ్మతి తీసుకుంటారు. పేరు మారుస్తారు, ఊరు చెరిపేస్తారు. అంత చెరిపాక మిగిలినది ఆధారమేనా అని సమీక్షకులు అడుగుతారు. ఆ ప్రశ్నా న్యాయమైనదే.

2022 డిసెంబరు 20న స్త్రీలకు విశ్వవిద్యాలయాలు మూసేశారు. పెషావర్ నుంచి వచ్చిన కాగితాలున్న భవనం ప్రాంగణం లోపల ఉంది, విద్యార్థినులు గేటు బయట ఉన్నారు. విదేశాల్లో ఉన్న గురువులు కొందరు వాళ్లకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నారు. చాలామంది కెమెరా ఆపేస్తారు. హాజరు పిలవాలంటే గురువు ముందున్న జాబితాలో మారుపేర్లే ఉంటాయి.