వాటాల్లో రాయని ఆస్తి

అందరికీ నమస్కారం. నడుము గురించి చెబుతామని పిలిచి మిమ్మల్ని గంటసేపు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టడం ఏం న్యాయమో తెలీదు. మధ్యలో లేచి నిలబడాలనిపిస్తే నిలబడండి, నేనేమీ అనుకోను.

గుంటూరు వాళ్లకి మిర్చి టిక్కీ బరువెంతో నేను చెప్పక్కర్లేదు. కొన్నేళ్ల కిందట యార్డులో హమాలీ ఒకాయన కాలు లాగేస్తోందని వచ్చారు. ఎమ్మారైలో కింది రెండు డిస్కులు, అంటే నడుము పూసల మధ్య ఉండే మెత్తలు, నల్లగా ఉన్నాయి. బరువులు మోసి మోసి అరిగాయనుకున్నాం, ఆయనా నేనూ. ఆర్నెల్లకి వాళ్ల తమ్ముడు వచ్చారు. బట్టల కొట్లో గుమాస్తా. జీవితంలో ఆయన ఎత్తిన బరువు పద్దుల పుస్తకమే. అన్న ఫిల్ము కూడా తెప్పించి రెండూ లైటు ముందు పక్కపక్కన పెట్టాను. అవే రెండు డిస్కులు, అదే నలుపు. పేర్లు చెరిపేస్తే ఏది ఎవరిదో నేను చెప్పలేను.

నలుపంటే నీరు తగ్గిందని. తాటిముంజను తలుచుకోండి. లేతప్పుడు వేలితో నొక్కితే నీళ్లు చిమ్ముతాయి, ముదిరితే గట్టిపడిపోతుంది. డిస్కు మధ్యలో గుజ్జూ అంతే. ఆ నీటిని పట్టి ఉంచేది అగ్రికాన్ అనే పదార్థం, చుట్టూ కట్టుదిట్టంగా ఉంచేది కొలాజెన్ పోగులు. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పై పూస నుంచీ కింది పూస నుంచీ ఊరి వచ్చేదే దానికి తిండి. అందుకే దెబ్బతింటే త్వరగా బాగుపడదు. ఈ అగ్రికాన్, కొలాజెన్‌ ఎలా తయారవాలన్న పద్దు అమ్మానాన్నల దగ్గర్నుంచి వస్తుంది. పొలం పంచుకున్నప్పుడు ఈ వాటా ఎవరూ రాసుకోరు.

ఇద్దరు అన్నదమ్ములను చూసి సిద్ధాంతం చేయకూడదు, నిజమే. ఆ పని ఫిన్లాండ్ కవలలతో జరిగింది. 1995లో 115 జతల ఒకే పోలిక కవలల ఎమ్మారైలు చూశారు. నడుము పైభాగం డిస్కుల తేడాల్లో శ్రమ వల్ల అని చెప్పగలిగింది 7 శాతమే. వయసు కలిపితే 16, కుటుంబ పోలిక కూడా కలిపితే 77. కింది డిస్కుల్లో అన్నీ కలిపినా 43 దాటలేదు. సగానికి పైగా లెక్క తేలలేదన్నమాట. దాచకుండా రాసినందుకు నాకు ఆ పరిశోధన మీద గౌరవం. 2002లో మరో 45 జతలు: ఒకరు ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లు, రెండోవాళ్లు చాలా తక్కువ నడిపినవాళ్లు. డిస్కుల్లో తేడా కనబడలేదు. మన బస్సు డ్రైవర్లు నమ్మరు. నొప్పి వాళ్లది కదా!

‘ఏ జీన్ అండీ?’ అంటారు. ఒక్కటి కాదు. కొలాజెన్ 9, అగ్రికాన్, విటమిన్ డి రిసెప్టర్, ఇలా చాలా ఉన్నాయి, ఒక్కోదాని ప్రభావం చిన్నది. పైగా ఊరు మారితే లెక్క మారుతుంది. ఫిన్లాండ్‌లో అరుదైన ఒక కొలాజెన్ 9 మార్పు దక్షిణ చైనా వాళ్లలో ఐదుగురిలో ఒకరికి కనబడింది. అందుకే రక్తం తీసి ‘నీ నడుము ఫలానా ఏడు పోతుంది’ అని చెప్పే పరీక్ష ఎవరైనా అమ్మితే కొనకండి. మేనరికం వల్లేనా అని కూడా అడుగుతుంటారు. రక్తజబ్బు తలసీమియాలా ఒకే జీన్‌తో తేలే వ్యవహారం కాదిది.

ఇంకోమాట. డిస్కు ఎండడం వేరు, నొప్పి వేరు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి స్కాన్‌లో అరుగుదల కనిపిస్తుందనీ, ఎనభై ఏళ్ల వాళ్లలో అది 96 శాతమనీ 2015లో ఒక సమీక్ష తేల్చింది. హమాలీ అన్నకి ఆపరేషన్ లేకుండానే రెండు నెలల్లో కాలు లాగడం తగ్గింది. సిగరెట్టు మాత్రం మానిపించాను, ఊరి వచ్చే ఆ కాస్త తిండినీ అది తగ్గిస్తుంది. పాదం పట్టు తప్పినా, మూత్రం రాకుండా బిగుసుకుపోయినా, కూర్చునే చోట, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్లాలి.

రిపోర్టులు తెచ్చినవాళ్లు ఇటు రండి. ముందు నొప్పి ఎక్కడో చూపించండి, ఫిల్ము తర్వాత చూస్తాను.