నాచులోని ఎర్ర రంగు మన రక్తనాళాల్ని కాపాడుతుందా?

(స్క్రీన్ మీద: మైక్రోస్కోప్ కింద పచ్చటి కణాలు, మెల్లగా ఎర్రబడుతూ)

చూస్తున్నారుగా, ఇది హెమటోకోకస్ అనే మంచినీటి నాచు, మామూలుగా పచ్చగా ఉండి నీళ్లలో ఈదుతూ తిరుగుతుంది, కానీ ఎండ మరీ ఎక్కువైనా నీళ్లలో నైట్రోజన్ అయిపోయినా ఈదడం మానేసి, చుట్టూ మందంగా గోడ కట్టేసుకుని లోపలంతా ఎర్ర రంగు నింపుకుంటుంది. ఆ ఎరుపే అస్టాక్సాంథిన్. సాల్మన్ చేపకి ఆ రంగు వచ్చేది కూడా దీనివల్లే, చేప దీన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచి రావాల్సిందే.

ఇంకోటి డునాలియెల్లా. బాగా ఉప్పగా ఉండే మడుగుల్లో బతుకుతుంది, బీటా కెరోటిన్ (క్యారెట్‌కి నారింజ రంగునిచ్చేది) పోగేస్తుంది, అన్నీ కుదిరితే ఎండు బరువులో పదో వంతు దాకా! ఇవన్నీ కెరోటినాయిడ్లే, అంటే పసుపు నుంచి ఎరుపు దాకా ఉండే సహజ రంగులు, తీవ్రమైన వెలుతురు వల్ల కణానికి జరిగే ఆక్సిడేషన్ దెబ్బని, అంటే ఆక్సిజన్‌తో చర్య జరిగి పాడవడాన్ని, ఇవి అడ్డుకుంటాయి.

మరి మన గుండెకీ దీనికీ ఏంటి సంబంధం?

(స్క్రీన్ మీద: ధమని గోడ, దగ్గరగా)

రక్తంలో ఎల్‌డీఎల్ (కొలెస్ట్రాల్‌ని మోసుకెళ్లే కణికలు, చెడు కొలెస్ట్రాల్ అంటారే అది) ఎక్కువైతే అది ధమని లోపలి పొర కిందకి దూరి అక్కడే ఇరుక్కుంటుంది, అక్కడ ఆక్సిడైజ్ అవుతుంది, అలా పాడైన ఎల్‌డీఎల్‌ని మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు మింగుతూనే పోతాయి, మింగి మింగి కొవ్వుతో ఉబ్బిపోయి ఫోమ్ సెల్స్ అవుతాయి, అవే పేరుకుని ప్లాక్, ఆ ప్లాక్ ఎప్పుడైనా చిట్లితే దాని మీద రక్తం గడ్డకట్టి గుండెపోటో స్ట్రోకో వస్తుంది. కెరోటినాయిడ్లు కొవ్వులో కరుగుతాయి కాబట్టి బీటా కెరోటిన్ లాంటివి రక్తంలో ఎక్కువగా ఆ ఎల్‌డీఎల్‌లోనే ప్రయాణిస్తాయి, అంటే కాపలా మనిషి సరుకు బండిలోనే ఉన్నట్టు. ఆశ పుట్టింది ఇక్కడే, ఆశ పడటంలో తప్పేం లేదు కూడా, డునాలియెల్లా పొడి తిన్న ఎలుకల్లో ప్లాక్ తగ్గింది.

కానీ లెక్క చూడండి, సగటున ఒక్కో ఎల్‌డీఎల్ కణికకి ఒక్క బీటా కెరోటిన్ అణువు కూడా రాదు! విటమిన్ ఇ అయితే ఆరు దాకా ఉంటుంది.

ఇక మనుషుల్లో ఏం జరిగిందో నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ రంగుల్ని క్యాప్సూల్‌గా అమ్మేవాళ్లు ఇది చెప్పరు. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పెద్ద ట్రయల్ ఫలితం 1994లో వచ్చింది, రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గడం మాట అటుంచి 18 శాతం పెరిగింది. అమెరికాలో 22 వేల మంది మగ డాక్టర్లకి పన్నెండేళ్ల పాటు రోజు విడిచి రోజు 50 మిల్లీగ్రాములు ఇచ్చారు, గుండె విషయంలో లాభమూ లేదు నష్టమూ లేదు.

"అది సింథటిక్ కదా, నాచుది వేరు కదా" అంటారు. నిజమే, వేరే. ఒకే అణువు రెండు ఆకారాల్లో ఉంటుంది, సింథటిక్‌లో దాదాపు అంతా ఆల్ ట్రాన్స్ అనే రకమే, డునాలియెల్లాలో 9 సిస్ అనే రకం కూడా బాగా ఉంటుంది. కానీ నాచు కెరోటినాయిడ్లతో గుండెపోట్లు తగ్గాయని వేల మంది మీద ఏళ్ల తరబడి చూసి తేల్చిన ట్రయల్ లేదు, అది వచ్చేదాకా రక్తనాళాలకి మందు అని అమ్మడం అన్యాయం.

అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ (జబ్బులు రాకుండా ఏం చేయాలో సలహా ఇచ్చే నిపుణుల బృందం) అయితే 2022లో గుండె జబ్బు, క్యాన్సర్ రాకుండా అని బీటా కెరోటిన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. పొగతాగేవాళ్లు అస్సలు ముట్టుకోకండి, ఈ మాట మీ ఇంట్లో పొగతాగేవాళ్లకి కూడా చెప్పండి.

కూరగాయల్లోంచి వచ్చే కెరోటినాయిడ్లకి ఈ భయం లేదు, క్యారెట్, ఆకుకూరలు కాస్త నూనెతో ఉడికించి తింటే ఒంటికి బాగా పడతాయి. ఎల్‌డీఎల్ ఎక్కువుందని డాక్టర్ స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) రాసి ఉంటే మాత్రం దాన్ని మానేసి ఈ ఎర్ర క్యాప్సూల్ మొదలుపెట్టకండి, ఇప్పటికే వాడుతుంటే ఆ డబ్బా పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.